"ఇన్నేళ్లూ ఏమీ కాలేదు" అన్న మాట చాలునా?



పాత వస్తువును వెనకేసుకొని రావడానికి మనమందరం వాడే మాట ఒకటున్నది: "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు గదా!" మందిరపు దూలం గురించి, బడిపిల్లల బండి గురించి, రేవు దాటించే పడవ గురించి ఈ మాట వింటూనే ఉంటాము. అన్నవారు అబద్ధికులు కారు. నిజంగానే ఇంతవరకు ఏమీ కాలేదు. అయితే ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఇతరుల ప్రాణాలను ఎక్కించవచ్చునా?

ఇంగ్లండు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు విలియం క్లిఫర్డ్ 1877లో విశ్వాసపు నీతిని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఒక ఓడ యజమానిని ఊహించి చెప్పాడు. వలసపోయే కుటుంబాలను ఎక్కించుకొని అతని ఓడ బయలుదేరబోతున్నది. ఓడ పాతది, తరచుగా మరమ్మతులు కోరినది. యజమానికి అనుమానం కలిగింది. బాగు చేయించాలంటే ఖర్చు. అందుచేత తనకు తానే సర్దిచెప్పుకొన్నాడు: ఎన్ని తుపానులు దాటి రాలేదు, ఈసారీ వస్తుంది, ఇందరు కుటుంబీకులను దేవుడు కాపాడకపోతాడా! అలా మనస్ఫూర్తిగా నమ్మి పంపాడు. ఓడ మునిగింది. అతడు నిజంగా నమ్మినా దోషియే, ఎందుకంటే పరీక్షించి సంపాదించిన నమ్మకం కాదది, అనుమానాన్ని నొక్కివేసి సంపాదించినది అంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా చేరినా అతని దోషం తగ్గదని కూడా అంటాడు.

క్లిఫర్డ్ మన విశ్వాసాన్ని పంచుకొన్నవాడు కాడు. యజమాని తనను తాను జోకొట్టుకొన్న మాటలలో దేవుని పేరు కూడా చేర్చాడు. అందుకే ఆయన మాటను తోసివేయక మనం మరింత శ్రద్ధగా వినవలసి ఉన్నది.

ఇది ఊహ మాత్రమే అనుకోనక్కరలేదు. దక్షిణ పసిఫిక్ సముద్రంలో టోంగా అనే దీవుల రాజ్యం ఉన్నది. అక్కడి ప్రజలు దాదాపు అందరూ క్రైస్తవులే. దీవి నుండి దీవికి పోవడానికి అక్కడ ఓడ తప్పనిసరి. తమ ఓడ పాతబడి, కొత్తది వచ్చేదాకా పని గడవాలని 2009లో ప్రభుత్వం "ప్రిన్సెస్ అషికా" అనే ఓడను కొన్నది. అది 1972లో జపానులో కట్టినది, కొన్నాళ్లు ఫిజీలో తిరిగినది. అప్పటికి దాని వయస్సు 37 ఏళ్లు. టోంగాలో తిరగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే, 2009 ఆగస్టు 5 రాత్రి అది మునిగిపోయింది. 74 మంది పోయారు. రెండు దేహాలు మాత్రమే దొరికాయి. బ్రతికిన 54 మందీ మగవారే. ఒక్క స్త్రీ గాని, ఒక్క బిడ్డ గాని బయటపడలేదు. విచారణ సంఘం 2010లో తన నివేదికలో ఆ ఓడ సముద్రయానానికి పనికిరానిదని, కొనే ముందు సరిగా పరీక్షించలేదని, ఆ మరణాలు తప్పించదగినవేనని తేల్చింది. 2011లో ఓడ సంస్థ అధికారికీ, కెప్టెనుకూ శిక్షలు పడ్డాయి.

37 ఏళ్లు నడిచిన ఓడ అని చెప్పినప్పుడు, అది ఓడకు యోగ్యతా పత్రమా, లేక హెచ్చరికా? రెండునూ. గడిచిన ప్రతి ప్రయాణం ఓడ గట్టిదని సాక్ష్యమిస్తుంది, అదే ప్రయాణం దాని ఇనుమును కొంత తినివేస్తుంది. పైగా ఒక సముద్రంలో సంపాదించిన మంచి పేరు మరొక సముద్రంలో చెల్లదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చును. సింహము నుండి, ఎలుగుబంటి నుండి తప్పించిన దేవుడు ఈ ఫిలిష్తీయుని నుండి కూడా తప్పిస్తాడని దావీదు అనలేదా? గడిచిన మేలులను బట్టి ముందుకు సాగడమే గదా విశ్వాసం? నిజమే. కాని దావీదు నమ్మినది దేవుని నమ్మకత్వమును. దేవుని కృపకు తుప్పు పట్టదు, ఇనుముకు పడుతుంది. మరొకటి, దావీదు తన ప్రాణమునే పణంగా పెట్టాడు. ఓడ యజమాని ఒడ్డున నిలిచి ఇతరుల ప్రాణాలను పెట్టాడు. దేవాలయ శిఖరం మీద మన ప్రభువు తన ప్రాణంతో సైతం తండ్రిని శోధింపనొల్లలేదు. ఇక పొరుగువాని ప్రాణంతో శోధించే అధికారం మనకెక్కడిది?

యోనా తర్షీషుకు పోయే ఓడకు కేవు ఇచ్చి ఎక్కాడు. కేవు ఇచ్చినవాడు ఓడ అడుగు చూడడు. యానాం నుండి ఎదుర్లంకకు వంతెన రాకముందు గోదావరి దాటిన మన పెద్దలకు ఇది తెలుసు. పంటు ఎక్కేవాడు చెక్కలు తట్టి చూసి ఎక్కడు, సరంగును నమ్మి ఎక్కుతాడు. చూడవలసిన భారం తెలిసినవాని మీదనే ఉన్నది. పొడిచే ఎద్దును గూర్చి ముందే హెచ్చరిక పొంది కట్టివేయని యజమానికి నిర్గమకాండము 21లో శిక్ష ఉన్నది. ద్వితీయోపదేశకాండము 22 ఇంకా ముందుకు పోయి, ఎవరూ పడకముందే మిద్దెకు పిట్టగోడ కట్టమంటున్నది.

అపొస్తలుల కార్యములు 27లో ఓడలో ఉన్న 276 మందీ బ్రతుకుతారని పౌలుకు దేవుడు మాట ఇచ్చాడు. అయినను నావికులు పడవ దింపి పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతిని హెచ్చరించాడు. దేవుని వాగ్దానం అతనిని నిర్లక్ష్యపరచలేదు, మెలకువపరచినది. క్లిఫర్డుకు మనం ఇవ్వగల జవాబు ఇదే. యజమాని చేసినది విశ్వాసం కాదు, విశ్వాసపు పేరు పెట్టుకొన్న పొదుపు.

అయితే ఓడ ఆపితే దీవులకు మందులు, సరుకులు అందవు. ఆపడంలో కూడా నష్టమున్నది. మన సంఘాలకు ఈ ఇరకాటం తెలియనిది కాదు. గనులకు, రైల్వే పనులకు వచ్చిన మన తాతలు పైసా పైసా కూడబెట్టి కట్టిన మందిరాలు మనకున్నవి. మూసివేద్దామంటే మనసొప్పదు, బాగు చేద్దామంటే చందా చాలదు. బీదతనం పాపం కాదు. తెలిసిన దానిని దాచడం పాపం. డబ్బు లేనప్పుడు చేయగలిగినవి ఉన్నవి. తెలిసిన ఇంజనీరుచేత చూపించవచ్చును. ఉన్న సంగతి సంఘమంతటికీ చెప్పవచ్చును. పగిలిన గోడ ప్రక్కన పిల్లలను కూర్చుండబెట్టకుండ ఆరాధన చెట్టు క్రింద జరుపుకొనవచ్చును. కన్వెన్షనుకు పోయే వ్యానులో పట్టినంతమందినే ఎక్కించి, రెండవ విడత పంపవచ్చును.

కావున ఈసారి కమిటీ కూడినప్పుడు ఎవరైనా "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు" అంటే, మొదట అందుకై దేవుని స్తుతింతము. ఆ వెంటనే, "కడపటిసారి చూచినది ఎవరు, ఎప్పుడు?" అని అడుగుదము. అడిగినవానిని అల్పవిశ్వాసి అనకుందము. తన సహోదరుని క్షేమమును గూర్చి అడుగుచున్నవాడు ప్రేమ కలిగినవాడు.

ప్రభువు మనకట్టి మెలకువను దయచేయును గాక. ఆమేన్.