ఎవరు చేసిన పాపం?

పుట్టుగుడ్డివాణ్ణి చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న మనకు తెలుసు: పాపం వీనిదా, వీని తలిదండ్రులదా? ఆ ప్రశ్న మన ఇండ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. పసిబిడ్డకు మాటిమాటికి నిమోనియా వచ్చి, అది చాలదన్నట్లు వాని రక్తకణాలను వాని శరీరమే నాశనం చేస్తుంటే, చుట్టాలు ముందుగా వేలెత్తి చూపేది తల్లినే.

రోగక్రిముల నుండి శరీరాన్ని కాచేది వ్యాధినిరోధక శక్తి. కొందరు పిల్లలలో ఈ కావలి క్రిములను ఆపలేదు, పైగా సొంత అవయవాల మీదనే తిరగబడుతుంది. రెండింటికీ మూలం ఒకే జన్యులోపం కావచ్చు. 2012లో గుర్తించిన ఎల్‌ఆర్‌బిఎ లోపం అటువంటిది. ఆరోగ్యంగా ఉన్న తల్లి, తండ్రి చెరొక చెడిన జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి రక్తసంబంధంలో పెండ్లి జరిగితే ఒకే లోపం ఇద్దరిలో ఉండే అవకాశం పెరుగుతుంది.

బ్రహ్మంగారిమఠం మొదలు పులివెందుల దాకా మన వైపు మేనరికం కొత్త కాదు. పిల్ల కళ్ళెదుట ఉంటుందని, ఆస్తి చెదరదని పెద్దల ఆశ. శ్రీసభ చట్టం 1091 ఇటువంటి పెండ్లిని నిషేధిస్తుంది. పీఠాధిపతి మినహాయింపు ఇవ్వవచ్చు. అయితే మినహాయింపు దొరికినంత మాత్రాన పెద్దల బాధ్యత తీరదు.

మరి బిడ్డ పుట్టిన తరువాత? పాపానికి తెలివి, సమ్మతి కావాలని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. తెలియక జరిగినదానికి ఆ తల్లి పాపి కాదు. పైగా ఈ జబ్బులన్నీ మేనరికం వల్లనే రావు. ఫాక్స్‌పీ3 అనే జన్యువు లోపం తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది, దానికి చుట్టరికంతో పనిలేదు. కాని తెలిసిన తరువాత ఊరకుండడం తప్పే. మరుసటి కాన్పుకు ముందు, ఇంట్లో మరొక మేనరికం కుదుర్చుకొనే ముందు డాక్టరును అడగాలి.

ప్రభువు ఆ నింద ఎవరిమీదా వేయలేదు. మాటతో సరిపెట్టనూ లేదు. మట్టిని తడిపి గుడ్డివాని కండ్లకు పూశాడు. మనకూ పని ఉంది. ఇటువంటి పిల్లలలో చాలామందికి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ వేలమంది దాతల ప్లాస్మా నుండి తయారవుతుంది. బిడ్డకు కరువైన రక్షణను ముఖమెరుగని వారు ఇస్తున్నారు. అదే విచారణలో పక్క బెంచీపై కూర్చొనే మనం ఆ తల్లికి నిందను ఇస్తామా, తోడునిస్తామా?