అడిగే హక్కు ఎవరిది?



పదిమందిని కలుపుకుని నడిపించే బాధ్యత మీ మీద ఎప్పుడైనా పడిందా? పడే ఉంటుంది. ఇల్లు నడిపే తల్లిదండ్రుల పని అదే. తరగతి నడిపే ఉపాధ్యాయుల పని, సంఘం నడిపే పెద్దల పని కూడా అదే. అలా నడిపేవారు ఏదో ఒక రోజున ఎదుటివారిని, "నీది కొంత వదులుకో" అని అడగక తప్పదు. అలా అడిగే హక్కు మనకు ఎక్కడ నుండి వస్తుంది? వయసు నుండా? పదవి నుండా? ఈ ప్రశ్నతో ఈ వారం ఒక ఫుట్‌బాల్ శిక్షకుని జీవితాన్ని చూద్దాం.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువారు. వృత్తిరీత్యా బడిపంతులు. ఆటగాళ్ళందరికీ 'రహీం సాబ్'. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మళ్ళీ మనకు దక్కలేదు.

పతకాల కంటే ఆయన పద్ధతి మనకు ఎక్కువ నేర్పుతుంది. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూసేవారు ఈలలు వేసేది దానికే. రహీం సాబ్ హైదరాబాదులో డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టించారు. అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలని మరికొన్ని పోటీలు పెట్టించారు. బంతి అందగానే తోటివాని కోసం చూడటం కుర్రవాళ్ళకు అలవాటు కావాలని ఆయన కోరిక.

ఇది ప్రతిభను అణచివేయడం కాదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1962 జట్టు నాయకుడు చునీ గోస్వామి డ్రిబ్లింగ్‌లో పేరు మోసినవాడు. ఆయన నేర్పును రహీం సాబ్ చంపలేదు, జట్టుకు పనికివచ్చేలా వాడుకున్నారు. కట్టుబాటు సాధనలో, స్వేచ్ఛ ఆటలో. పిల్లలను పెంచే మనం చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తాం. చిన్నప్పుడు అడ్డు చెప్పం. పెద్దయి, సొంతంగా నిర్ణయించుకోవలసిన వేళ పగ్గాలు బిగిస్తాం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. జకార్తాలో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆటలో రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్లో, ఫైనల్లో ముందు వరుసకు మార్చి ఆడించారు. రెండు ఆటల్లోనూ ఆయన గోల్ చేశారు. జ్వరంతో సెమీఫైనల్‌కు దూరమైన గోల్‌కీపర్ తంగరాజ్ ఫైనల్‌కు తిరిగి వచ్చారు. తొలి ఆటలో ఓడించిన కొరియానే మనవాళ్ళు 2-1తో గెలిచారు.

తలకు గాయమైనవానిని ఆడించడం తగునా? ఈనాటి వైద్యులు ఒప్పుకోరు, వారి మాటే సరైనది. గెలిచాము గనుక చేసింది మంచిదే అని తేల్చేయకండి. ఫలితం మంచిదైనంత మాత్రాన పని మంచిదైపోదు. అయితే వారు రహీం సాబ్ మాట ఎందుకు విన్నారో ఆలోచించండి. అప్పటికే ఆయనను కాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న, అంటే ఆ గెలుపుకు ఏడాది తిరగకముందే, కన్నుమూశారు. తన ఒంట్లోని చివరి శక్తిని కూడా వారి కోసమే ఖర్చు పెడుతున్న మనిషి అడిగాడు గనుక వారు కాదనలేదు.

ఆ ఇవ్వడం జకార్తాలో మొదలైనది కాదు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరాంకు సాధనకు రావడానికి దారి ఖర్చులు లేకపోతే, రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవాడే 1962 స్వర్ణ పతక జట్టులో ఆడాడు. ముందు ఇచ్చిన చేయి కనుకనే తరువాత అడగగలిగింది.

కనుక పాఠకులారా, పదవి ఆజ్ఞాపించే అధికారం ఇస్తుంది, అడిగే హక్కును మాత్రం మనమే సంపాదించుకోవాలి. మీ అబ్బాయిని చదువు కోసం ఆట మానమన్నప్పుడు, మీ అమ్మాయిని తమ్ముడి కోసం తన కోరిక వాయిదా వేసుకోమన్నప్పుడు, మూడు మాటలు మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. నేను ముందు ఏమి వదులుకున్నాను? ఇది ఇంటి మేలు కోసమా, నా పరువు కోసమా? కాదనే వీలు ఆ బిడ్డకు ఉంచానా? మూడో ప్రశ్నే అన్నిటికన్నా కష్టమైనది. ప్రేమతో అడిగినప్పుడు కాదనడం ఎవరికైనా కష్టం. అందుకే ప్రేమించేవారు అడిగేముందు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలనే అడిగి చూడండి: "మీకు ఇష్టం లేని పని ఏదైనా నా కోసం చేస్తున్నారా?" జవాబు చెప్పేదాకా ఓపిక పట్టండి.