విక్రేత ధర్మము

సరకును విక్రయించినవాని ధర్మము మూల్యము చేతఁబడుటతోఁ దీఱిపోవునా, లేక కొన్నవాఁడు దానితో నొనర్చు కర్మయందు వానికిని భాగము కలదా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. శస్త్రము, ప్రాణి, మాంసము, మద్యము, విషము అను నైదింటి వాణిజ్యమును బుద్ధభగవానుఁ డుపాసకులకు నిషేధించెను. మహాభారత శాంతిపర్వమున జాజలికి ధర్మబోధ గావించిన తులాధారుఁడు, నానారసములను విక్రయించుచును మద్యమును మాత్రము ముట్టని వర్తకుఁడు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది హతులైనపుడు, ఈ ప్రశ్నయే అమెరికాలోని డిక్స్ క్రీడాసామగ్రి సంస్థ కెదురయ్యెను. హంతకుఁడు వారియొద్ద నొక తుపాకిని చట్టబద్ధముగాఁ గొనియుండెను. ఘాతుకమునకు వాడినది వేఱొకటి. ఐనను ఆ సంస్థ, మాది కాదుగదా యని యూఱడిల్లక, సైనికరీతి రైఫిళ్ల విక్రయమును మానుటయేకాక, 21 ఏండ్లు నిండనివారికిఁ దుపాకులు విక్రయింపమని ప్రకటించి, నిలువయున్న రైఫిళ్లను ధ్వంసము చేయించెను. రాజ్యాంగదత్తమైన హక్కునకు భంగము కలిగెనని కొందఱా గడప త్రొక్కుట మానిరి, కొందఱు కొనియాడిరి.

ఒకని పాపమునకుఁ దన్నేల శంకింపవలెనని యడుగు నిరపరాధియైన పౌరుని కోపము నిర్హేతుకము కాదు. కాని కొనుటకు హక్కున్నంతమాత్రమున, అంతరాత్మ నిషేధించినను అమ్మక తప్పదను ధర్మము పుట్టదు. ప్రక్కయంగడివాఁ డమ్మునుగదా, ఈ నిరాకరణమున నేమి ఫలమందురా? ఫలము లోకాధీనము; హింసకు సాధనము కాకుండుట మాత్రము విక్రేతకు స్వాధీనము.