ఇంటి పంక్తిలో దాసోహము

గృహస్థుని యింట శుభకార్యము లేని సంవత్సరముండదు. శిశువునకు లింగధారణము, నూతన గృహప్రవేశము, వివాహము, వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి: ఏదో యొక సందర్భమున బంధుమిత్రులను పిలిచి, జంగమునకు పాదపూజ సలిపి, పంక్తి భోజనము పెట్టుట వీరశైవ గృహములలో తరతరముల ఆచారము. దీనికి శరణులు వాడిన మాట దాసోహము. 'నేను దాసుడను' అను భావము ఆ మాటలోనే యున్నది. పెట్టువాడు దాసుడు, ఆకు ముందు కూర్చున్నవాడు ప్రభువు. ఈ యొక్క సంగతి మరచినచో ఎన్ని భక్ష్యములు వడ్డించినను అది విందు మాత్రమే యగును.

విందునకును దాసోహమునకును భేదము మొదట ధనమునందు కలదు. కాయకము ముందు, దాసోహము తరువాత. చెమటోడ్చి న్యాయముగా సంపాదించిన దానితోనే పెట్టవలెనని 12వ శతాబ్దమున కల్యాణ శరణులు ఆచరించి చూపిరి. ఆయ్దక్కి మారయ్య వీధులలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఆ గింజలతోనే యతని భార్య లక్కమ్మ వండి జంగములకు పెట్టెడిది. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశ యగునని హెచ్చరించి, అధికమైన దానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను. ఆ పేదరాలి యింట దాసోహమునకు ఏనాడును లోటు రాలేదు.

నేటి గృహములలో జరుగుచున్నదేమి? ఊరివారు మెచ్చుకొనవలెనని వడ్డీకి అప్పు తెచ్చుట, ఇల్లాలి నగను తాకట్టు పెట్టుట, పందిరికిని దీపాలంకారమునకును వేలు వెచ్చించుట. ఆకులెత్తిన మరునాడు అతిథులెవరును గుర్తుండరు, అప్పులవాడు మాత్రము గుమ్మమున నిలుచును. పిల్లవాని చదువునకు దాచిన సొమ్ము ఒక్క పూటలో కరగిపోవును. 'ఘనముగా చేయకున్న నలుగురేమందురు?' అని కొందరడుగుదురు. ఆ నలుగురు ఆ యప్పును తీర్తురా? లక్కమ్మ రాలిన గింజలే ఎక్కువైనవనగా, రేపటి కష్టమును నేడే తాకట్టు పెట్టి తెచ్చిన బియ్యము లింగార్పణమునకు ఎట్లు తగును?

కావున శుభకార్యమునకు ముందు భార్యాభర్తలిద్దరును కూర్చుండి లెక్క చూచుకొనవలెను. చేతిలోని సొమ్మెంత? దానికి సరిపడు అతిథులెందరు? నూరుగురికి అన్నమునకు 12 నుండి 15 కిలోల బియ్యము చాలును. ఒక పప్పు, రెండు కూరలు, చారు, మజ్జిగ, ఒక తీపి పదార్థమున్నచో ఎవరును ఆకలితో లేవరు. ఇరువదింటిని వండి పదింటిని పారవేయుటకంటె ఆరింటిని వండి తృప్తిగా వడ్డించుట మేలు. సొమ్ము తక్కువయైనచో పిలుపులను తగ్గించుకొనవలెను గాని అప్పును పెంచుకొనరాదు.

రెండవ భేదము పంక్తియందు కలదు. ధనికునకు ముందు గదిలో వెండి కంచము, పొలము దున్నినవానికి పెరటిలో విస్తరి. ఇట్టి పంక్తిలో బసవేశ్వరుని పటమునకు ఎంత పెద్ద పూలమాల వేసినను ప్రయోజనము లేదు. బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసుడును, చెప్పులు కుట్టు కాయకము గల హరళయ్యయు తమ సంతానమునకు వివాహ సంబంధము కుదుర్చుకొన్నందులకు ప్రాణములనే యర్పింపవలసి వచ్చెనని శరణ చరిత్రము చెప్పుచున్నది. శుభకార్యమున సమత్వము కొరకు వారు చెల్లించిన మూల్యమది. మనము చెల్లింపవలసినది ఒకే వరుసలో వేసిన ఆకు మాత్రమే.

మూడవది ప్రసాద భావము. వండినది పదార్థము, ఇష్టలింగమునకు అర్పించిన పిమ్మట అది ప్రసాదము. ప్రసాదమును ఆకులో విడుచుట వీరశైవునకు తగదు. వడ్డించువారు అడిగి కొద్ది కొద్దిగా వడ్డింపవలెను, తినువారు వలసినంతే అడుగవలెను. మిగిలినదానిని చెడిపోక మునుపే ఆకలిగొన్నవారికి చేర్పవలెను. తెల్లవారుజామునుండి పొయ్యి యొద్ద నిలిచిన ఇల్లాండ్రను మూడవ జామున చల్లారిన అన్నమునకు విడుచుటయు దోషమే. శరణుల సభలో అక్కమహాదేవికి స్థానముండగా మన పంక్తిలో ఇంటి ఆడపడుచులకు ఏల ఉండరాదు? పురుషులు ఒక పంక్తికి వడ్డించినచో తక్కువపడునదేమియు లేదు. వడ్డించుటయే కదా దాసోహము!

శరణ బంధువులారా! రాబోవు శుభకార్యమునకు జాబితా వ్రాయునపుడు మొదటి పంక్తిలో మీ కాయకమున మిగిలిన సొమ్మెంతయో వ్రాయుడు. పిలువవలసినవారిలో మీ వీధిని ఊడ్చువాని పేరును చేర్చుడు. ఋణము లేని అన్నమును, భేదము లేని పంక్తిని గల గృహమే మఠము. అందు జంగముడు సంతోషముగా పాదము మోపును.