కాఫీ తుప్పు తెగులు: పుట్టుక మీద వేసే నింద

ఒక ప్రాణిని దాని పుట్టుకను బట్టి దుష్టమైనదని తేల్చెయ్యొచ్చా? ఈ ప్రశ్నను మనుషుల దగ్గర మొదలుపెడితే ఎవరి పక్షం వాళ్లు ముందే ఎంచుకుని కూర్చుంటారు, మాట ముందుకు సాగదు. అందుకే నేనొక బూజు దగ్గర మొదలుపెడతాను. బూజు తరఫున కొట్లాడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి కాస్త నిదానంగా ఆలోచించుకోవచ్చు.

మా తిరుపతి, చిత్తూరు పక్క కాఫీ తాగడమే గానీ పండించడం లేదు. అయినా తుప్పు తెగులు అంటే ఏమిటో ఇక్కడి వేరుశనగ రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆకు తిప్పి చూస్తే అడుగున ఇటుక పొడి చల్లినట్టు ఉంటుంది, చేలో నడిస్తే బట్టలకు అంటుకుంటుంది. కాఫీకి వచ్చేది ఆ వంశంలోదే వేరొకటి. వేరుశనగ తుప్పు కాఫీ మీద బతకదు, కాఫీ తుప్పు వేరుశనగ మీద బతకదు. మన రాష్ట్రంలో కాఫీ అంటే పాడేరు, చింతపల్లి, అరకు. అక్కడ పండించేది ఎక్కువగా ఆదివాసీ కుటుంబాలే. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో దొరల తోటల్లో తెగులు కాదు, మన చుట్టాల పెరట్లోకి వచ్చేదే.

ఈ బూజు బతుకు ఎలాంటిదో ముందు చూద్దాం. దాని సిద్ధబీజం కంటికి కనబడనంత చిన్నది. గాలికి, వాన చినుకుకు ఎగిరి కాఫీ ఆకు మీద పడుతుంది. ఆకు తడిగా ఉంటేనే మొలకెత్తుతుంది, ఆకు అడుగునుండే పత్రరంధ్రాల గుండా లోపలికి పోతుంది. కొన్ని వారాలకు అక్కడ పసుపు మచ్చ, దాని మీద నారింజ రంగు పొడి. ఒక్కో మచ్చ నుంచి లక్షల సిద్ధబీజాలు బయటపడతాయి. ఆకు రాలిపోతుంది. ఆకు లేని కొమ్మ మరుసటేడు కాపు కాయదు. చెట్టు ఒక్కసారిగా చావదు, ఏటేటా నీరసిస్తుంది.

దీన్ని శాస్త్రలోకం మొదట చూసింది సిలోన్‌లో. అక్కడి పేరాదెనియ వృక్షశాస్త్ర ఉద్యానవనం నుంచి పంపిన ఆకులను ఇంగ్లండులో బర్క్‌లీ అనే పాస్టరు సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1869లో బ్రూమ్ అనే మరొకాయనతో కలిసి దానికి హెమిలియా వాస్టాట్రిక్స్ అని పేరు పెట్టాడు. మొదటి మాట సిద్ధబీజం ఆకారాన్ని చెబుతుంది: ఒకవైపు నున్నగా, ఒకవైపు ముళ్లుగా ఉంటుందని. అది చూసి చెప్పిన మాట. రెండో మాటకు అర్థం 'సర్వనాశిని'. అది చూసిన మాట కాదు, వేసిన తీర్పు. బడిలో పేర్లు రాసే రిజిస్టరు చేతిలో ఉన్నవాడికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో సిలోన్ కాఫీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తోటల యజమానుల్లో కొందరు దివాలా తీశారు, మిగిలినవాళ్లు తేయాకులోకి మారారు. దక్షిణాది నుంచి వెళ్లిన తమిళ కూలీల కష్టాలు మాత్రం ఏ పంటకూ మారలేదు. 1880లో మార్షల్ వార్డ్ అనే కుర్ర శాస్త్రవేత్తను ఈ రోగం సంగతి తేల్చమని పంపారు. రెండేళ్లు ఉండి అతను తేల్చిన విషయం యజమానులకు రుచించేది కాదు. కొండలకు కొండలు అడవి నరికి, మధ్యలో గాలికి అడ్డం లేకుండా ఒకే మొక్కను పరిచారు, బూజుకు విస్తరి వేసి వడ్డించారు. వార్డ్ చెప్పినదాన్ని నా మాటల్లో పెడితే ఇంతే.

ఇథియోపియా అడవుల్లో అరబికా కాఫీ తనంతట తాను పెరుగుతుంది. ఈ బూజు అక్కడా ఉంది. కానీ అక్కడ 'సర్వనాశిని' కాలేదు. ఒక కాఫీ చెట్టుకు, మరో కాఫీ చెట్టుకు నడుమ వేరే చెట్లుంటాయి. కాఫీ చెట్లలోనూ ఒకదానికొకటి కొంత తేడా. పైగా ఈ బూజును తినే ఇంకో తెల్ల బూజు కూడా ఉంటుంది. అదే జీవి, అవే జన్యువులు. అడవిలో ఒక ఓపిక గల చుట్టం, తోటలో దొంగ.

జన్యువులకు ఏ విలువా లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. టీటీసీలో మెండెల్ బఠాణీలు చదివి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు అవే చెబుతున్నవాణ్ణి. అరబికా పుట్టుకే చూడండి. రోబస్టా, యూజినియాయిడిస్ అనే రెండు జాతులు కలవడం వల్ల అది పుట్టింది. అది సుమారు 6 లక్షల ఏళ్ల కిందట జరిగి ఉంటుందని 2024లో వచ్చిన జన్యు అధ్యయనం అంచనా. ఆ జాతి మొత్తానికీ మూలం ఆ కలయికే. పైగా తన పువ్వులో తానే ఫలదీకరణ చెందే మొక్క. యెమెన్ నుంచి లోకానికి వెళ్లినవి కొద్ది గింజలే. మన దేశానికి బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చాడంటారు. కథ ఎంత నిజమైనా, తోటల్లో ఉన్నవన్నీ దగ్గరి దాయాదులేనన్న మాట నిజం. ఒకదానికి తగిలింది అన్నిటికీ తగులుతుంది.

మైసూరు, కొడగు తోటల్లో పాత రకాలు తుప్పుకు పడిపోయాక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కెంట్ అనే తోట యజమాని తన తోటలో తట్టుకున్న చెట్టును ఎంచి పెంచాడు. కెంట్ రకం కొన్నేళ్లు నిలిచింది, తర్వాత దానికీ తెగులు వచ్చింది. 1925లో బాలెహొన్నూరు దగ్గర పరిశోధన కేంద్రం పెట్టారు. 1930లలో అక్కడ మేన్ అనే శాస్త్రవేత్త చూపించింది ఇదీ: బూజు ఒకటే అయినా దానిలో వేర్వేరు రకాలున్నాయి, ఒక కాఫీని పట్టేది మరో కాఫీని పట్టలేకపోవచ్చు. వీటిని 'రేసులు' అంటారు. తెలుగులో 'తెగలు' అని రాయొచ్చు గానీ నాకు చెయ్యి రాలేదు. ఇవాళ్టికి అలాంటివి 50కి పైగా గుర్తించారు.

కాఫీ మొక్కలో ఈ బూజును ఆపే జన్యువులకు ఎస్‌హెచ్1 నుంచి ఎస్‌హెచ్9 దాకా లెక్క పెట్టారు. ఎస్‌హెచ్3 లైబీరికా అనే మరో జాతి కాఫీ నుంచి వచ్చింది. 1940లలో బాలెహొన్నూరు నుంచి వచ్చిన ఎస్.795 రకంలో ఉన్నది అదే. 6 నుంచి 9 దాకా ఉన్నవి తిమోర్ దీవిలో అరబికా, రోబస్టా తమంతట తాము కలిసి పుట్టిన ఒక చెట్టు నుంచి వచ్చాయి. ఆ దీవిలో తూర్పు భాగాన్ని ఏలిన పోర్చుగల్‌లో 1955లో పెట్టిన తుప్పు పరిశోధన కేంద్రం ద్వారా ఆ చెట్టు సంతానం ప్రపంచమంతా పాకింది. మన దేశంలో కావేరి రకం ఆ వంశమే. 2007లో విడుదలైన చంద్రగిరి కూడా. పేరు వినగానే మా పక్కనున్న కోట గుర్తొస్తుంది గానీ, ఈ చంద్రగిరి పుట్టింది కర్ణాటకలోనే.

ఈ జన్యువులు చేసే పని వాకిట్లో కుక్క చేసే పనిలాంటిది. కుక్క వాసన పట్టి మొరిగితే ఇల్లు లేస్తుంది, దొంగ పారిపోతాడు. బూజు వదిలే ఒక పదార్థాన్ని మొక్క జన్యువు పసిగట్టిందంటే ఆ చోట ఆకు కణాలు తామే చచ్చిపోయి బూజుకు తిండి లేకుండా చేస్తాయి. కోట్ల సిద్ధబీజాల్లో ఏ ఒక్కదానిలోనో ఆ పదార్థం మారిపోతుంది. అది ఎవరూ అనుకుని చేసిన మార్పు కాదు, నకలు రాసేటప్పుడు దొర్లిన అక్షర దోషం. దానికి కుక్క మొరగదు. మామూలు అడవిలో ఆ దోషం గల బీజం ఎక్కడో పడి పోతుంది. వెయ్యి ఎకరాల్లో ఒకే రకం కాఫీ ఉన్నచోట పడితే? మిగతావన్నీ ఆగిపోగా అదొక్కటే బతికి, అదే తోట అవుతుంది. కొత్త 'రేసు' పుట్టిందని అప్పుడు రాసుకుంటాం. దోషం బూజుది కావచ్చు. దాన్ని ఎంచి, ఎరువు పెట్టినట్టు పెంచింది తోట.

నాకు ఎంత ఆలోచించినా తెగని సంగతి ఇక్కడే ఉంది. 'ఈ మొక్కకు నిరోధశక్తి ఉంది' అంటాం, ఏదో దాని మూటలో దాచుకున్న సొమ్ములాగా. నిజానికి ఫలానా బూజు ఎదురైనప్పుడే అది ఉంది, ఇంకో బూజు ఎదురైతే లేదు. 'ఈ బూజు ప్రమాదకరం' అన్న మాటా అంతే. రెండు పుట్టుకలు, ఒక చోటు, కాస్త తడి కలిస్తేగానీ రోగం అనేది లేదు. అలాంటప్పుడు నిందనంతా ఒక్కరి పుట్టుకలో పెట్టడం తప్పు లెక్క. ఆ తప్పు లెక్క ఎవరికి లాభమో కూడా చూడాలి. దోషం బూజు నెత్తురులోనే ఉంటే, అడవి నరికినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

బూజుకు ఆ పేరు పెట్టిన రెండేళ్లకు, 1871లో, మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మా ఎరుకల వాళ్లను ఆ జాబితాలో రాశారు. నేరం చేశారని కాదు, చేసే పుట్టుక అని. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ల బతుకును రైళ్లు, ఉప్పు పన్ను చట్టాలు, అడవి చట్టాలు తెగ్గొట్టాయి. ఆ సంగతి ఆ జాబితాలో ఒక గడిలోనూ లేదు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేశారు. 1952లో చట్టం రద్దయింది. ఊళ్లో ఎవరింట్లో ఏది పోయినా ముందు చూపు మా వీధి వైపు తిరగడం రద్దు కాలేదు.

మనుషుల్ని బూజుతో పోలుస్తావా అని మా వాళ్లే కోప్పడవచ్చు. పోల్చింది మేం కాదు, చట్టం రాసినవాళ్లు. నేను చెప్పేది దానికి ఎదురు: ఆలోచన లేని, ఎంపిక లేని, పుట్టుక తప్ప ఏమీ లేని బూజు విషయంలోనే 'పుట్టుకే కారణం' అన్న మాట నిలవడం లేదు. ఇక చదువుకునే, మారే, సిగ్గుపడే, ఎదురు తిరిగే మనిషి విషయంలో ఎలా నిలుస్తుంది?

మళ్లీ మన్యానికి వస్తాను. కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు, నాలుగేళ్లు. ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబానికి రకం మార్చడమంటే అన్నేళ్ల రాబడి పోవడం. తుప్పుకు వాడే బోర్డో మిశ్రమానికి మైలుతుత్తం, సున్నం, కూలీ, వాలు కొండ మీద మోసుకెళ్లే నీళ్లు కావాలి. కొత్త రకం ఎంచేది కేంద్రంలో, విడుదల చేసేది బోర్డు, పంచేది ప్రభుత్వ సంస్థ. అది విరిగినప్పుడు విరిగేది కొండ మీది ఇల్లు. విత్తనం పరిశోధించేవాళ్ల పనిని నేను తక్కువ చెయ్యను. వాళ్ల ఎస్.795 ఎనభై ఏళ్లుగా జనానికి కాఫీ పోస్తోంది. అయితే నారు సంచి చేతిలో పెట్టేటప్పుడు 'దీనికి తెగులు రాదు' అనే అబద్ధం చెప్పకూడదు. 'ఇప్పుడున్న బూజుకు ఇది ఆగుతుంది, తర్వాత వచ్చేదానికి చెప్పలేం, అందుకే ఒకటే నాటకండి, మూడు రకాలు తీసుకోండి' అనాలి. అలా అనాలంటే నర్సరీలో మూడు రకాల నారు ఉండాలి. పనస, మామిడి కొట్టేసి వరసగా సిల్వర్ ఓక్ ఒక్కటే నాటమనే సలహా కూడా ఆపాలి.

పోయినేడు ఏడో తరగతిలో ఈ పాఠం చెబుతుంటే ఒక పాప అడిగింది: "సార్, అడవిలో ఉన్నప్పుడు ఆ బూజు పేరేంది?" ఇథియోపియాలో కాఫీ చెట్ల కింద పుట్టి పెరిగినవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో నా పుస్తకంలో లేదు. బోర్డు మీద ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన పాప ప్రశ్న రాశాను.