ఉద్యోగధర్మము – ఆత్మసాధన

మానవజన్మము దుర్లభమనియు, అందును హరిభక్తి కలుగుట మరింత దుర్లభమనియు మన పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. ఈ మాటను కాదనువారు లేరు. అయినను దానిని విన్న గృహస్థుడు మెల్లగా ఇట్లనును: “అయ్యా, మీరు చెప్పినది నిజమే. కాని తెల్లవారకముందే పనికి పోవలెను. ఇల్లు చేరునప్పటికి చీకటి పడును. పిల్లల చదువులు, పెద్దల మందులు, అప్పుల వాయిదాలు ఉండనే ఉన్నవి. సాధనకు తీరిక ఎక్కడిది? ఉద్యోగవిరమణ కానిండు, అప్పుడు చూచెదము.”

ఈ మాట త్రోసివేయదగినది కాదు. పెందుర్తి ప్రాంతమున కాపురముండి విశాఖపట్టణపు నౌకాశ్రయమునకో, ఓడల నిర్మాణశాలకో, ఉక్కు కర్మాగారమునకో పోయి వచ్చువారు ఎందరో కలరు. వారిలో పలువురికి దినము సూర్యోదయముతో ఆరంభము కాదు, షిఫ్టుతో ఆరంభమగును. ఒక వారము ఉదయము, ఒక వారము సాయంకాలము, ఒక వారము రాత్రి. ఇట్టివారిని బ్రాహ్మీముహూర్తమున లేవలేదని నిందించుట న్యాయము కాదు. రాత్రియంతయు యంత్రము కడ నిలచినవానికి ఆ ముహూర్తము పని ముగియు వేళ. మరి వారికి దారి ఏది?

దారి చూపినవాడొకడు ఐదువందల యేండ్ల క్రిందట ఈ సీమకే వచ్చెను. పెందుర్తికి సమీపముననే ఉన్న సింహగిరిపై శ్రీకృష్ణదేవరాయల శాసనములు నేటికిని కలవు. కళింగ దండయాత్రలో ఉదయగిరిని, కొండవీటిని గెలిచి, గజపతి సేనలను తరుముచు వచ్చిన ఆయన 1516లో వరాహలక్ష్మీనృసింహస్వామిని సేవించి, ఆభరణములు సమర్పించెను. 1519లో వేయించిన శాసనము కూడ అచ్చట కలదు.

ఆ దండయాత్రలోనిదే మరియొక ఘట్టమును రాయలు తన ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకొనెను. సేనతో విజయవాటిక చేరి, అక్కడినుండి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు పోయి ఆంధ్రమహావిష్ణువును దర్శించెను. ఇది మన ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళము కాదు. ఆనాడు హరివాసరము. రాయలు ఉపవసించెను. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలచి ఆలోచింపవలెను. యుద్ధమునకు పోవు రాజుకంటె తీరిక లేనివాడెవ్వడు? ఏనుగులకు మేత, సైనికులకు గ్రాసము, వేగులవారి వార్తలు, మంత్రుల ఆలోచనలు, శత్రువుల ఎత్తులు – అన్నియు ఆయన తలపైననే ఉన్నవి. “యుద్ధము ముగియనిండు, అటుపిమ్మట ఏకాదశి చూచెదము” అని ఆయన అనుకొనియుండినచో ఎవ్వరును తప్పుపట్టియుండరు. ఆయన అట్లనలేదు. ఏకాదశి వచ్చెను, ఉపవసించెను. స్వామి ఆజ్ఞయు ఆ నియమము పాటించిన రాత్రియందే లభించెను. రాజ్యభారము వహించుచునే ఆరు ఆశ్వాసముల ఆ మహాకావ్యమును పూర్తిచేసెను. దీనివలన మనము గ్రహింపవలసినది ఒక్కటే: సాధనకు కావలసినది విరామము కాదు, నియమము.

విరామము కొరకు ఎదురుచూచువానికి అది లభించినను ఫలము దక్కదు. ఉద్యోగవిరమణనాడు చేతికి వచ్చునది కాలమే కాని మనస్సు కాదు. ముప్పదియేండ్లు కోపమునకును, లెక్కలకును, ఇతరులతో పోలికకును అలవడిన మనస్సు అరువదవయేట ఒక్కసారిగా జపమాలను పట్టదు. పీటపై కూర్చుండిన ఘడియకే పాతకచేరి గుర్తునకు వచ్చును. అందుచేతనే గీతాచార్యుడు చంచలమైన మనస్సును నిలుపుటకు అభ్యాసమును, వైరాగ్యమును చెప్పెను. అభ్యాసమనగా దినదినమును చేయునది.

ఉక్కు కర్మాగారమున పనిచేయువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బొగ్గును కోక్‌గా మార్చు కొలుములను ఒకసారి వేడిచేసిన పిమ్మట చల్లారనీయరు. చల్లారినచో లోపలి ఇటుకలు బీటలువారును. పండుగ వచ్చినను, వాన వచ్చినను ఆ వేడిమిని కాపాడుచునే యుందురు. హృదయమందలి భక్తియు అట్టిదే. ఏటికొకనాడు పెద్దమంట వేయుటకంటె, దినమును కొద్దిపాటి వేడిమి నిలుపుకొనుట శ్రేయస్కరము.

సింహాచలేశుని చందనసేవయు ఇదే బోధించుచున్నది. వైశాఖ శుద్ధ తదియనాడు స్వామి నిజరూపదర్శనమిచ్చును. ఆ పిమ్మట మరల చందనమును సమర్పింతురు. మొత్తము పండ్రెండు మణుగులు. అదియంతయు ఒకనాడే కాదు. ఆ తదియనాడు మొదలుకొని వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా పూయుదురు. ఆ చందనము చెక్కను రాతిపై అరగదీయగా, అరగదీయగా వచ్చినదే. ఒక్క త్రిప్పునకు వచ్చు గంధము ఎంత? కంటికి ఆనదు. అయినను ఆ త్రిప్పులే మణుగులైనవి.

ఆషాఢ పూర్ణిమకు ముందునాడు లక్షలాది జనులు సింహగిరికి ప్రదక్షిణము చేయుదురు. సుమారు 32 కిలోమీటర్ల నడక. రాత్రి పనిని మార్పించుకొని మరీ నడచువారు కలరు. ఆ భక్తి వందనీయము. కాని అంతదూరము నడచిన పాదములు మరునాటినుండి ఇంటిలోని పూజామందిరము వరకు నాలుగడుగులు నడవకున్నచో, ఆ ప్రదక్షిణము మనలో ఏమి మిగిల్చినట్లు?

ఇక ఆచరణ. షిఫ్టులు మారువారు సాధనను గడియారమునకు ముడివేయరాదు, స్నానమునకు ముడివేయవలెను. స్నానము ఏ వేళ చేసినను చేయకతప్పదు కదా. ఆ వెంటనే ఊర్ధ్వపుండ్రము ధరించి, కేశవాది ద్వాదశనామములు పలికి, ఒక శ్లోకమో పాశురమో చదువవలెను. దీనికి పది నిమిషములు చాలును. గోదాదేవి తిరుప్పావైలో ముప్పది పాశురములు కలవు. నెలకొక్కటి అర్థముతో నేర్చినను రెండున్నర సంవత్సరములకు అన్నియు కంఠస్థమగును. ఇక నెలకు రెండు ఏకాదశులు. పూర్ణోపవాసము చేయలేనివారు శక్తికొలది ఫలాహారము గైకొనవచ్చును. ఏది పట్టినను చిన్నదిగా పట్టి, విడువకుండుటయే ముఖ్యము.

ఇందొక హెచ్చరిక కలదు. సాధన పేరుతో పనిని నిర్లక్ష్యము చేయరాదు. క్రేను నడపువాడు ఆ సమయమున క్రేనుపై దృష్టి నిలుపుటయే ధర్మము. క్రింద నిలచినవాని ప్రాణము అతని చేతిలో ఉన్నది. అట్లని “పనియే నా పూజ” అని పలికి పూజను మానుటయు తగదు. ఆ మాట పూజచేయువాని నోట సత్యము, మానినవాని నోట సాకు.

గృహిణుల విషయము మరువరాదు. వారి పనికి షిఫ్టు లేదు, విరమణ లేదు. గోదాదేవి తండ్రి విష్ణుచిత్తుడు తోట పెంచి, మాల గ్రుచ్చి స్వామికి సమర్పించినవాడు. నీరు పోయుట, పూలు కోయుట, దండ కట్టుట – ఇవన్నియు చేతిపనులే. ఎవరికొరకు అను తలపుచే కైంకర్యములైనవి. ఇంట వండిన అన్నమును ముందుగా స్వామికి నివేదించినచో వంటయిల్లే సన్నిధి యగును. అయితే ఆమెకును పది నిమిషములు నిశ్చింతగా కూర్చుండు అవకాశము కావలెను. ఆ వేళ పసిబిడ్డను ఎత్తుకొనుట భర్తకును కైంకర్యమే.

సాధన ఫలించుచున్నదో లేదో తెలియుట ఎట్లు? జపసంఖ్యను బట్టి కాదు. నిరుడు కోపము వచ్చిన చోట ఈ యేడు మాట నెమ్మదించెనా? తోటివానికి పదోన్నతి వచ్చినప్పుడు మనస్సు మండకున్నదా? అలసి ఇల్లు చేరిన సాయంకాలము వృద్ధులైన తల్లిదండ్రులతో రెండు మంచిమాటలు పలుకగలుగుచున్నామా? ఇవి గురుతులు.

తనను తానే ఉద్ధరించుకొనవలెనని భగవానుడు గీతయందు ఆనతిచ్చెను. తీరికగలవారినే ఉద్దేశించి ఆ మాట చెప్పలేదు. యుద్ధభూమిలో, విల్లు పట్టవలసిన వానికి చెప్పెను. కావున సోదరసోదరీమణులారా, ఉద్యోగవిరమణకై వేచియుండక, రేపటి స్నానముతోనే ఆరంభింతము. దినమునకొక త్రిప్పు గంధము తీయుదము. సింహగిరినాథుడు ఆ కొద్దిపాటి గంధమునే స్వీకరించి మనల ననుగ్రహించుగాక!