సైరంధ్రి మొర ఎవరు విన్నారు? విరాట పర్వంలో మనం దాటేసే భాగం



విరాట పర్వం అనగానే అందరికీ గుర్తొచ్చేది జమ్మిచెట్టు, ఉత్తర గోగ్రహణం, అర్జునుడి పది పేర్లు. వీడియోలో కూడా టైమంతా వాటికే సరిపోయింది. ద్రౌపది భాగం మాత్రం తీరిగ్గా చెప్పుకోవాల్సిన విషయం, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పరిస్థితి చూడండి. 12 ఏళ్ళ అరణ్యవాసం అయిపోయింది, ఒక్క ఏడాది అజ్ఞాతవాసం మిగిలింది. ఎవరైనా గుర్తుపట్టారా, మళ్ళీ 12 ఏళ్ళు అడవి. అందుకని ఆరుగురూ మారుపేర్లతో విరాటరాజు దగ్గర పనికి చేరారు. ధర్మరాజు కంకుభట్టుగా రాజుతో పాచికలాడే సభాసదుడు. భీముడు వలలుడు, వంటశాలలో. నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. అర్జునుడు బృహన్నలగా జడ వేసుకుని, గాజులు తొడుక్కుని, రాకుమారి ఉత్తరకి నాట్యం నేర్పే గురువు. ద్రౌపది సైరంధ్రి, అంటే రాణిగారికి జడలు అల్లి, పూలు కట్టి, గంధం తీసే పనిమనిషి.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. "మగాడివి, నీకు వంటింట్లో ఏం పని?" అనే మాట మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినిపిస్తుంది కదా. భారతంలో అందరికంటే బలవంతుడు ఏడాదంతా గరిటె పట్టుకున్నాడు. అందరికంటే గొప్ప విలుకాడు అంతఃపురంలో ఆడపిల్లలకి అడుగులు నేర్పాడు. వాళ్ళ తేజస్సేమీ తగ్గలేదు. 'పేడి' అన్న మాటని తిట్టుగా వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది, కౌరవసేనని ఒంటరిగా ఓడించినవాడు ఆ వేషంలోనే యుద్ధానికి బయల్దేరాడని. మగపని, ఆడపని అనేవి వ్యాసుడికి వేషాలే. కట్టుకోవచ్చు, విప్పేయొచ్చు.

కానీ ఆ వేషం ఐదుగురికి రక్షణ అయింది, ఒక్కరికి మాత్రం ప్రమాదం అయింది. భీముడు వంటవాడైతే అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. ద్రౌపది పనిమనిషి అయ్యేసరికి, ఆమెను ఏమైనా చేయొచ్చు అనుకునే మనిషి వచ్చేశాడు.

పనిలో చేరేటప్పుడే ఆమె షరతులు పెట్టింది. ఎవరి ఎంగిలీ తినను, ఎవరి కాళ్ళూ కడగను అంది. తనకి ఐదుగురు గంధర్వులు భర్తలని, వాళ్ళు కనబడకుండా కాపాడుతుంటారని కూడా చెప్పింది. రాణి సుధేష్ణ ఒప్పుకుని తీసుకుంది. అయినా ఆ రాణిగారే, తమ్ముడు కీచకుడి మనసులో ఏముందో తెలిసి కూడా, బంగారు గిన్నె చేతికిచ్చి అతని ఇంటినుంచి మద్యం తెమ్మని పంపింది. ద్రౌపది వెళ్ళనని చెప్పింది, కారణం కూడా చెప్పింది. "నేను పంపితే వాడేమీ చేయడులే" అంది రాణి. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆడవాళ్ళ కష్టం ఆడవాళ్ళకే తెలుస్తుంది అంటాం. తెలిసినంత మాత్రాన పక్కన నిలబడతారని గ్యారంటీ లేదు. తమ్ముడు, పైగా సేనాపతి. రాజ్యం నడిచేదే అతని మీద.

దారిలో ద్రౌపది సూర్యుణ్ణి ప్రార్థించింది. సూర్యుడు ఆమెకి తోడుగా ఒక రాక్షసుణ్ణి కనబడకుండా పంపాడు. కీచకుడు చేయి పట్టుకున్నాడు, ఆమె విదిలించుకుని నేరుగా రాజసభకి పరుగెత్తింది. వాడు వెనకే వచ్చి, రాజు చూస్తుండగా ఆమెను తన్నాడు. అప్పుడు ఆ రాక్షసుడు కీచకుణ్ణి ఎత్తి పడేశాడు. భగవంతుడు పంపిన రక్షణ ఎవరికీ కనబడలేదు, పని మాత్రం చేసింది. కనబడే మనుషులందరూ ఆసనాల మీద కూర్చునే ఉన్నారు.

ఆమె న్యాయం అడిగింది. విరాటుడి జవాబు ఏంటో తెలుసా? నా కళ్ళెదుట కాకుండా మీ ఇద్దరి మధ్య ఏం గొడవ జరిగిందో నాకు తెలియదు, అసలు సంగతి తెలియకుండా నేనేం తీర్పు చెప్పను, అన్నాడు. తన్నింది తన ముందే! గొడవకి ముందు ఏం జరిగిందో తెలియదు కాబట్టి ఇప్పుడు చూసింది కూడా లెక్కలోకి రాదన్నమాట. ఈ వాక్యాన్ని ఇవాళ్టి భాషలోకి మార్చాల్సిన అవసరమే లేదు.

భీముడు పళ్ళు కొరుకుతూ అక్కడున్న చెట్టు వైపు చూశాడు. వంటకట్టెలకైతే బయటెక్కడైనా చూసుకోవయ్యా అని ధర్మరాజు గూఢంగా ఆపాడు. ద్రౌపదితో ఏమో, సభలో నటిలాగా ఏడుస్తూ ఆటకి అడ్డం రావద్దు, లోపలికి వెళ్ళు అన్నాడు. ఆయన ఇబ్బంది నిజమే. ఒక్క మాట జారితే ఆరుగురికీ మళ్ళీ అడవే. నేను ధర్మరాజుని తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ ద్రౌపది ఆ మాటని మింగి ఊరుకోలేదు. తిక్కన గారి భారతంలో ఆమె జవాబు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. నా భర్త నటుడే, కాబట్టి నాకు నటన రావడంలో వింతేముంది, పైగా ఆయన జూదరి కూడా అన్న అర్థం వచ్చేలా ఎదురుగానే అనేసింది. సభలో ఆ దెబ్బ అర్థమైంది ఒకే ఒక్క మనిషికి.

ఆ రాత్రి ఆమె వంటశాలకి వెళ్ళింది. నా దృష్టిలో విరాట పర్వానికి గుండెకాయ ఈ ఘట్టం. నిద్రపోతున్న భీముణ్ణి లేపి అంతా చెప్పింది. అర్జునుణ్ణి ఆ వేషంలో చూస్తే తనకి ఎలా ఉంటుందో చెప్పింది. ఒకప్పుడు రాజులు వచ్చి ధర్మరాజు వాకిట్లో నిలబడేవాళ్ళని తలచుకుని ఏడ్చింది. కోపంలో కూడా ఆయన గొప్పతనం మర్చిపోలేదు చూడండి. చివర్లో తన చేతులు చూపించింది. గంధం తీసి తీసి కాయలు కాసిన చేతులు. భీముడు ఆ చేతుల్ని తన మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. మగాళ్ళు ఏడవకూడదని ఎవరు చెప్పారో గానీ, వ్యాసుడు మాత్రం చెప్పలేదు.

తర్వాత నర్తనశాలలో ఏం జరిగిందో తెలిసిందే. 1963 నాటి 'నర్తనశాల' సినిమాతో అది మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చేసింది. ఎస్వీ రంగారావు గారి కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు కూడా వచ్చింది. మహానటుడు, సందేహం లేదు. కాకపోతే ఆ సినిమా గురించి మాట్లాడినప్పుడల్లా కీచకుడి ఠీవి, బృహన్నల నాట్యమే చెప్పుకుంటాం. ఈసారి చూసేటప్పుడు సావిత్రి గారి మొహం మీద దృష్టి పెట్టండి.

చాలామంది కథ కీచకవధతో అయిపోయిందనుకుంటారు. లేదు. కీచకుడి చావుకి కారణం ఈమే అని ఉపకీచకులు ఆమెను శవంతోపాటు కాల్చడానికి కట్టి తీసుకుపోయారు. మళ్ళీ భీముడే విడిపించాడు. ఆమె ఊళ్ళోకి తిరిగొస్తుంటే జనం భయంతో పారిపోయారు. అప్పుడు రాజుగారు ఏం చేశాడు? సైరంధ్రిని ఇక్కణ్ణుంచి వెళ్ళిపొమ్మని రాణితో చెప్పించాడు. తన్నులు తిన్నది ఆమె, ఉద్యోగం పోయేదీ ఆమెదే. ఇంకో 13 రోజులు ఓపిక పట్టండి చాలు అని అడగాల్సి వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. పని చోట లైంగిక వేధింపుల మీద చట్టం మనకి 2013లో వచ్చింది. దానికి ముందు 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఒక కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి. ఏటా వచ్చే ఆ ట్రైనింగ్‌ని చాలామంది నెక్స్ట్, నెక్స్ట్ నొక్కి ముగించేస్తారు. సుధేష్ణ, విరాటుడు గుర్తుంటే ఆ స్లైడ్లు వేరేగా కనిపిస్తాయి. కమిటీలో కూర్చున్నవాళ్ళు సుధేష్ణలా ఉంటే? "నేను చూడలేదు కదా" అని మేనేజర్ అంటే? ఫిర్యాదు చేసిన అమ్మాయే చివరికి టీమ్ మారాల్సి వస్తే? చట్టం కుర్చీ వేయగలదు. అందులో కూర్చునే మనిషికి ధర్మం మనం నేర్పాలి, అందుకే ఈ పురాణాలు చదవడం.

ఇంకొక్కటి. యుద్ధం అయ్యాక విరాటుడు తన కొడుకే గెలిచాడని పొంగిపోతుంటే, కంకుభట్టు మాత్రం బృహన్నల పేరే చెప్పాడు. నా కొడుకుని ఒక పేడితో పోలుస్తావా అని రాజు కోపంతో పాచిక విసిరాడు. ధర్మరాజు ముక్కునుంచి రక్తం కారింది. అదే సభ, అదే పాచికలు. ఆ రక్తం నేల మీద పడితే రాజ్యానికి అరిష్టమని, ఆయన చూపుని అర్థం చేసుకుని బంగారు పాత్ర తెచ్చి పట్టింది ఎవరనుకుంటున్నారు? ఆటకి అడ్డం రావద్దని ఆయన పంపించేసిన ఆ సైరంధ్రే.